పొద్దుండగానే టెంట్ లేవాలి: చెరువు గట్టున ఒక రాత్రికి మా ఇంటి ప్లాన్

మేము మొదటిసారి వికారాబాద్ దాటాక ఉన్న కోట్‌పల్లి చెరువుకు వెళ్లింది 2017 నవంబర్‌లో. మూడు కుటుంబాలు, రెండు కార్లు, పిల్లలతో కలిపి తొమ్మిది మందిమి. హైదరాబాద్ తార్నాకలో మా ఇంటి నుంచి పదింటికల్లా బయల్దేరాలనుకున్నాం. ఆడపడుచు వాళ్లు వచ్చేసరికే పన్నెండు దాటింది. దారిలో ఐస్ కోసం ఒకచోట, బొగ్గుల కోసం ఇంకోచోట ఆగాం. చేవెళ్లలో భోజనానికి గంటన్నర పట్టింది. చెరువు కనబడేసరికి పొద్దు గూకింది. కారు హెడ్‌లైట్లు వేసి, ఆ వెలుతురులో మొదట కనిపించిన చదునైన చోట టెంట్లు వేసేశాం. గడ్డి లేదు, రాళ్లు లేవు, నేల మెత్తగా అణిగి ఉంది. ఇంతకంటే మంచి చోటు దొరకదనుకున్నాం.

తెల్లారి అప్పుడే ఆరవుతోంది. టెంట్ ఒక్కసారిగా కుదిపేసినట్టు ఊగింది. గుడ్డకు ఆనుకుని ఏదో పెద్ద ఒళ్లు రాసుకుంటూ పోతోంది. బుస్సుమని ఊపిరి వదిలిన చప్పుడు. జిప్ తీసి చూస్తే వరసగా బర్రెలు, ఇరవైకి పైనే. ఒకదాని కాలు మా తాడులో చిక్కింది. అది బెదిరి లాగేసరికి మేకు ఊడొచ్చింది, టెంట్ కడ్డీ విరిగింది. లోపల పడుకున్న మా మరిది కూతురు, నాలుగేళ్ల పిల్ల, ఉలిక్కిపడి లేచి ఒకటే ఏడుపు. బర్రెలను తోలుకొస్తున్న పెద్దాయన పరుగెత్తుకొచ్చి తాడు విడిపించాడు. మా మీద కోప్పడలేదు. "గిది బర్లు నీళ్లకు దిగే బాట బిడ్డా. పొద్దుండంగ వస్తే కండ్లకు కనబడుతుండె గద" అన్నాడు.

నిజమే. తెల్లారాక చూస్తే గిట్టల గుర్తులు, ఎండిన పేడ, నీళ్ల దాకా నునుపుగా సాగిపోయిన దారి. మేము మెత్తని నేల అనుకున్నది రోజూ పశువులు తొక్కి తొక్కి అణిగిన నేల.

ఆయన అన్న 'పొద్దుండంగ' అనే ఆ ఒక్క మాట మీదే ఇప్పుడు మా ప్లాన్ అంతా నడుస్తుంది. 2020లో తప్ప ప్రతి చలికాలం ఒకసారైనా వెళ్తూనే ఉన్నాం. మా అత్తమ్మకు ఇప్పుడు 71 ఏళ్లు, ఆమె కూడా వస్తుంది. ఇన్నేళ్లలో మాకు జరిగిన ఇబ్బందుల్లో చాలా వరకు పొద్దు గూకడానికీ రాత్రి భోజనానికీ మధ్యలో జరిగినవే, లేదా ఆ టైమ్‌లో తొందరపడి చేసిన పనుల వల్ల జరిగినవే. అందుకే బయల్దేరే టైమ్ నుంచి ముందుకు కాకుండా, సూర్యాస్తమయం నుంచి వెనక్కి లెక్క వేసుకోండి అని అందరికీ చెబుతాను.

ఎప్పుడు, ఎక్కడికి

నవంబర్ రెండో వారం నుంచి ఫిబ్రవరి సగం దాకా మంచి రోజులు. అక్టోబర్‌లో చెరువు నిండుగా, చాలా అందంగా ఉంటుంది కానీ ఏ సాయంత్రం వాన పడుతుందో నమ్మకం లేదు, దోమలు కూడా ఎక్కువ. మార్చి తర్వాత పగటిపూట టెంట్‌లో కూర్చోలేం. డిసెంబర్, జనవరిలో వికారాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి దిగే రోజులుంటాయి. పిల్లలతో మొదటిసారి వెళ్లేవాళ్లు నవంబర్ చివరి వారం పెట్టుకుంటే అటు వానా ఉండదు, ఇటు ఎముకలు కొరికే చలీ ఉండదు.

గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి తిథి కూడా చూడండి. చుక్కలు చూడాలంటే అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజులు. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే పౌర్ణమి దగ్గర పెట్టుకోవడం నయం, ఆ వెన్నెల్లో టార్చ్ లేకుండానే మనిషి కనబడతాడు. కార్తీక మాసంలో ఆదివారాలు మాత్రం వదిలేయండి. వనభోజనాల వాళ్లు, అనంతగిరి పద్మనాభస్వామి గుడికి వచ్చేవాళ్లు కలిసి రోడ్డంతా కార్లే ఉంటాయి.

ఇక చోటు. ఒక్క రాత్రికైతే వంద కిలోమీటర్ల లోపు చూసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. లక్నవరం చాలా అందమైన చెరువు, కాకతీయుల కాలం నాటిది, ఆ వేలాడే వంతెన మీద నడిస్తే పిల్లలు వదిలిపెట్టరు. కానీ హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్లు దాటుతుంది. కృష్ణ ఒడ్డున సోమశిల కూడా దూరమే. అవి రెండు రాత్రులకు పెట్టుకోవాల్సినవి. ఒక రాత్రికి మాకు కుదిరింది వికారాబాద్ దాటాక ఉన్న కోట్‌పల్లి ప్రాజెక్టు. మెహదీపట్నం నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. చుట్టూ అడవి, మధ్యలో నీళ్లు, పగలు కయాకింగ్ ఉంటుంది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఖాళీగా ఉంది కదా అని కట్ట మీదో, అడవిలోనో టెంట్ వేయకండి. అటవీ శాఖ అనుమతి లేకుండా రిజర్వు ఫారెస్టులో రాత్రి ఉండకూడదు, నెగడు అసలే వేయకూడదు. ఆ చుట్టుపక్కల సొంత పొలాల్లో క్యాంప్‌సైట్లు నడిపేవాళ్లున్నారు. డబ్బు కట్టి అక్కడ ఉండటమే మర్యాద. రాత్రి ఏదైనా అవసరం వస్తే పిలిస్తే పలికే మనిషి కూడా ఉంటాడు.

ఫోన్‌లో ఏమడగాలి

ఫోటోలు చూసి బుక్ చేయకండి. ఫోన్ చేయండి, చేసినా ఉందా లేదా అని అడగకండి. ఎన్ని, ఎంత దూరం, ఎన్నింటి వరకు అని అడగండి. ఒకసారి నేను "టాయిలెట్లు ఉన్నాయా అన్నా?" అని అడిగాను. "ఉన్నయి మేడం, మంచిగున్నయి" అన్నాడు. వెళ్లాక చూస్తే నలభై మందికి రెండు. అబద్ధం చెప్పలేదు, నేను అడిగిన దానికి జవాబు చెప్పాడంతే. ఇప్పుడు ఇలా అడుగుతాను: ఆ రాత్రి మొత్తం ఎంతమంది ఉంటారు, టాయిలెట్లు ఎన్ని, అందులో కమోడ్‌వి ఎన్ని, మా టెంట్ నుంచి ఎన్ని అడుగుల దూరం, దారిలో లైటు ఉందా. పది పన్నెండు మందికి ఒకటి కూడా రాకపోతే ఇంకో చోటు చూసుకుంటాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే కమోడ్ సంగతి ముందే తేల్చుకోవాలి.

తర్వాత నీళ్లు బోరువా, ట్యాంకర్‌వా. రాత్రంతా అక్కడే ఉండే మనిషి ఎవరు, ఆయన నంబర్ ఏమిటి. కారు టెంట్ దగ్గరికి వస్తుందా, సామాను మోసుకెళ్లాలా. అదే రోజు ఏదైనా కంపెనీ వాళ్ల గ్రూపు వస్తోందా. ఈ చివరిది తప్పకుండా అడగాలి, ఎందుకంటే గ్రూపు వస్తే డీజే వస్తుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగించకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. "పదింటికి బంద్ చేస్తారా అన్నా?" అని ముందే నవ్వుతూ అడిగి పెట్టుకుంటే, ఆ రాత్రి మళ్లీ అడగడానికి మొహమాటం ఉండదు.

కయాకింగ్‌కు లైఫ్ జాకెట్లు పిల్లల సైజులో ఉన్నాయా అన్నది కూడా అప్పుడే అడగండి.

టైమ్ వెనక్కి లెక్క

నవంబర్ చివర్లో మన దగ్గర సూర్యుడు 5:40కి అస్తమిస్తాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాల్లో చేతిలో మేకు కనబడదు. కాబట్టి 4:45కల్లా టెంట్లు లేచి, పరుపులు పరిచి ఉండాలి. మిగిలిన గంట పిల్లలకు, నీళ్ల వైపు చూస్తూ కూర్చోవడానికి, టీకి. అసలు మనం వెళ్లేదే ఆ గంట కోసం.

మూడు టెంట్లకు, అలవాటు ఉన్నా గంట పడుతుంది. దానికి ముందు చోటు చూసుకోవడానికి అరగంట. అంటే 3:15కల్లా చేరాలి. వికారాబాద్ నుంచి అక్కడికి ముప్పావు గంట. వికారాబాద్‌లోనో కాస్త ముందో భోజనానికి ఒక గంట. తార్నాక నుంచి వికారాబాద్‌కు శనివారం ట్రాఫిక్‌లో రెండు గంటల ముప్పావు వేసుకుంటాను. అన్నీ కలిపితే 10:45కి కారు కదలాలి. నేను అందరికీ 9:45 అని చెబుతాను. బావ వాళ్లకు మాత్రం 9:30.

దారి అప్పా జంక్షన్, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లు చూస్తే చాలు, పిల్లలు ఫోన్లు పక్కన పెడతారు. మా అమ్మాయికి నేను ఆ దారిలోనే చెప్పాను: మూసీ పుట్టేది మనం వెళ్తున్న అనంతగిరి కొండల్లోనే, అక్కడి నుంచి దిగి వచ్చి గండిపేటను నింపి, నువ్వు రోజూ చూసే చాదర్‌ఘాట్ వంతెన కింద నుంచి పోతుంది అని. అది నమ్మలేదు. అనంతగిరిలో ఆగి చూపించాల్సి వచ్చింది. అలా ఆగాలనుకుంటే ఆ ముప్పావు గంట కూడా లెక్కలో ముందే కలుపుకోండి.

కారు లేనివాళ్లు సికింద్రాబాద్ నుంచో లింగంపల్లి నుంచో రైలెక్కి వికారాబాద్‌లో దిగి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి ఆటో అతని నంబర్ తీసుకోవడం మరిచిపోవద్దు.

నేల చూడటం

చేరగానే డిక్కీ తెరవకండి. అందరూ దిగండి, పిల్లలకు బిస్కెట్లు ఇచ్చి ఒకరిని కాపలా పెట్టండి, ఇద్దరు ఒట్టి చేతులతో చుట్టూ నడవండి. మా ఇంట్లో ఇది నాదీ మరిదిదీ డ్యూటీ.

మొదట నీటి అంచు. అక్కడి నుంచి కనీసం యాభై అడుగులు వెనక్కి. అంచుకు దగ్గరగా ఉంటే ఫోటోలు బాగుంటాయి, కానీ రాత్రి తేమకు టెంట్ తడిసిపోతుంది, దోమలు, పైగా పిల్లలు నిద్రమత్తులో లేచి ఎటు నడుస్తారో తెలియదు. తర్వాత బాటలు. గడ్డి లేని సన్నని దారి నీళ్ల వైపు దిగుతోందంటే అది పశువులదే. దానికి పది పదిహేను అడుగులు పక్కకు జరగండి. ఇసుక మేటలు, ఒకే వైపు ఒరిగి పడున్న గడ్డి కనబడితే అది వాన నీళ్లు పారే వాగు, అక్కడా వద్దు.

మట్టి ఏదో చూడండి. నల్లరేగడి అయితే నేను అక్కడ ఆగను, ఇంకో చోటు చూసుకుంటాను. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, ఆ నెర్రెల్లో ఏముంటాయో మనకు తెలియదు. కొద్దిగా తడిస్తే చెప్పులకు అంటుకుని టెంట్‌లోకి వస్తుంది. ఎర్రమట్టి, మొరం ఉన్న మిట్ట మంచిది, నీళ్లు నిలవవు. మొరం గట్టిగా ఉంటుంది కాబట్టి టెంట్‌తో వచ్చే సన్నని అల్యూమినియం మేకులు ఒంగిపోతాయి. హార్డ్‌వేర్ షాపులో అడుగు పొడవు ఇనుప మేకులు పదహారు కొనుక్కోండి, ఒక సుత్తి కూడా. మేకును నిటారుగా కాకుండా, దాని తల టెంట్‌కు దూరంగా వాలేలా ఏటవాలుగా కొట్టాలి. అప్పుడు తాడు ఎంత లాగినా ఊడదు.

తలెత్తి పైకి చూడండి. ఎండు కొమ్మలున్న చెట్టు కింద వద్దు, తాటిచెట్టు కింద అసలు వద్దు. చెట్టు మనకు పడమర వైపు ఉంటే సాయంత్రం ఎండ ఆపుతుంది, కాస్త దూరంలో ఉంటే చాలు. చిటికెడు దుమ్ము పైకి వదిలి గాలి ఎటో చూసి, టెంట్ తలుపు గాలికి ఎదురుగా లేకుండా తిప్పుకోండి.

చివరగా పడుకుని చూడండి. నిజంగానే, ఆ నేల మీద రెండు నిమిషాలు వెల్లకిలా పడుకోండి. కంటికి చదునుగా కనబడిన చోట వీపు కింద గులకరాయి తెలుస్తుంది, తల కాళ్ల కంటే కిందికి ఉంటే తెలుస్తుంది. కొద్దిపాటి వాలు ఉంటే తల ఎత్తు వైపు పెట్టుకోవాలి. మా మరిది ఇలా పడుకుని లేచి నాలుగడుగులు జరిపించిన టెంట్లలో మేము ఎంత హాయిగా నిద్రపోయామో నాకు తెలుసు.

టెంట్ కింద పరిచే టార్పాలిన్ టెంట్ కంటే బయటికి రాకూడదు. వస్తే మంచు, వాన నీళ్లు దాని మీద పడి టెంట్ కిందికే జారతాయి. మిగిలిన అంచులు లోపలికి మడిచేయండి. ఇంకొకటి, నలుగురి టెంట్ అని రాసి ఉంటే ఇద్దరు పెద్దవాళ్లకు, ఇద్దరు చిన్నపిల్లలకు లెక్క. నలుగురు పెద్దవాళ్లు పడుకుంటే బ్యాగులు బయట ఉంటాయి.

కింద రెండు, పైన ఒకటి

చలి పైనుంచి వస్తుందని అందరూ రగ్గులు తెచ్చుకుంటారు. నేల నుంచి వచ్చేదే ఎక్కువ. మన ఒంటి వెచ్చదనాన్ని నేల రాత్రంతా లాగేస్తుంది. అందుకే కింద రెండు పొరలు, పైన ఒకటి అన్నది మా లెక్క. మొదటి పొర యోగా మ్యాటో, ఫోమ్ షీటో. దాని మీద బొంత. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన బొంత మీ ఇంట్లోనో, మీ ఊళ్లోనో ఉండే ఉంటుంది. కొన్న స్లీపింగ్ బ్యాగులు నేను వద్దనను, కానీ బొంత కింద ఉన్నప్పుడు వచ్చే నిద్ర వేరు.

పైన కప్పుకోవడానికి మా దగ్గర నాన్న గొంగడి ఉంది. నాన్నది జనగామ దగ్గర పల్లె. నల్లగొర్రె ఉన్నితో నేసింది, నాకంటే వయసులో పెద్దది. చేత్తో తడిమితే గరుకుగా ఉంటుంది, చెంపకు తగిలితే గుచ్చుకుంటుంది, కాబట్టి లోపల పలచని దుప్పటి వేసుకుని దాని మీద కప్పుకోవాలి. తెల్లవారుజామున బయటికి వస్తూ దాన్ని భుజాల మీద వేసుకుని కూర్చుంటే, మంచు చుక్కలు ఉన్ని మీద పూసల్లా నిలబడతాయి, లోపలికి దిగవు. విదిలిస్తే రాలిపోతాయి. వానలో గొర్లు కాసేవాళ్లు దాన్నే ఎందుకు కప్పుకునేవాళ్లో అలా ఒక పొద్దు కూర్చుంటే తెలుస్తుంది. కొంచెం గొర్రె వాసన వస్తుంది. మా పిల్లలకు ఇప్పుడు అది క్యాంపింగ్ వాసన.

అత్తమ్మకు మడత మంచం. కింద కూర్చుంటే లేవలేదు. మంచం మీద పడుకునేవాళ్లకు కింది నుంచి గాలి తగులుతుంది కాబట్టి వాళ్లకు బొంత తప్పనిసరి.

టెంట్‌లో కిటికీ జాలీ కొద్దిగా తెరిచి ఉంచండి. అన్నీ బిగిస్తే మన ఊపిరి ఆవిరే గుడ్డకు నీళ్లై పట్టి పొద్దున్నే మొహం మీద పడుతుంది. చలి ఎంత ఉన్నా బొగ్గుల కుంపటి గానీ, స్టవ్ గానీ టెంట్ లోపలికి తీసుకెళ్లకండి. నిప్పు ఆరినట్టు కనిపించినా బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటాయి. దానికి వాసన ఉండదు, నిద్రలో ఉన్న మనిషి నిద్రలోనే పోతాడు. ఈ విషయంలో మా ఇంట్లో ఎవరి మాటా వినను.

తిండి, నీళ్లు

రాత్రికి ఒకే ఒక వంట పెట్టుకోండి. మిగతావన్నీ ఇంటి నుంచే. శనివారం సాయంత్రానికి సర్వపిండి, ఫ్లాస్క్‌లో టీ, ఉస్మానియా బిస్కెట్లు. రాత్రికి నెగడు మీద చికెన్, ఇంట్లో చేసిన జొన్నరొట్టెలు. ఆదివారం పొద్దున పులిహోర, శనివారం ఉదయం కలిపింది. ఈ చలికి చెక్కుచెదరదు.

చికెన్‌కు నా పద్ధతి ఇది. గురువారం రాత్రి అల్లంవెల్లుల్లి, కారం, పసుపు, పెరుగు పట్టించి, వెడల్పు స్టీలు డబ్బాలో పలచగా సర్ది ఫ్రీజర్‌లో పెడతాను. రెండు లీటర్ల నీళ్ల బాటిళ్లు నాలుగు, ముప్పావు దాకా నింపి అవి కూడా. శనివారం వీటన్నిటినీ ఐస్‌బాక్స్‌లో పెడితే బయట ఐస్ కొనక్కర్లేదు. రాత్రి ఏడింటికి చికెన్ కరిగి, ఇంకా చల్లగా ఉంటుంది. బాటిళ్లలో నీళ్లు మరుసటి రోజు తాగొచ్చు. దారిలో ఐస్ కోసం ఆగే ఇరవై నిమిషాలు కూడా మిగులుతాయి.

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క వేసుకోండి. తొమ్మిది మందికి ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. చెరువు నీళ్లు కాచినా తాగొద్దు.

కట్టెలు అడవిలో విరవకండి, క్యాంప్‌సైట్ వాళ్ల దగ్గరే కొనండి. కట్టెల మోపులో చేయి పెట్టే ముందు కాలితో కదిపి చూడండి, తేళ్లుంటాయి. నెగడు టెంట్లకు కనీసం పదిహేను అడుగుల దూరంలో, గాలి వాలుకు టెంట్లు లేనివైపు. చుట్టూ ఎండుగడ్డి పీకేసి, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనకవైపు దగ్గరగా పెట్టి చూడండి. వేడి తెలిస్తే ఇంకా ఆరనట్టే.

చెరువు, పాములు

ప్రాజెక్టు నీళ్లు పైకి ప్రశాంతంగా ఉంటాయి. ఒడ్డున మోకాలి లోతు, రెండడుగుల తర్వాత ఒక్కసారిగా గుంత. అడుగున ఒండ్రు కాలిని పట్టేస్తుంది. ఈత వచ్చినవాళ్లే మునిగిపోతారు. మా రూల్ ఒక్కటే: కయాక్ ఎక్కితే తప్ప ఎవరూ నీళ్లలోకి దిగరు, ఎక్కితే లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కరు, పొద్దు గూకాక ఎవరూ ఒడ్డుకు వెళ్లరు. మందు తాగినవాళ్లు పగలు కూడా వెళ్లరు. పిల్లలకు జాకెట్ తొడిగి బెల్టులన్నీ పెట్టాక, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. అది చెవుల దాకా వస్తే పెద్దదైనట్టే, నీళ్లలో పిల్ల కిందికి జారిపోతుంది. సైజు లేదంటే ఆ పిల్లను ఎక్కించకండి. ఏడిస్తే ఏడవనివ్వండి.

చలికాలంలో పాములు తక్కువ తిరుగుతాయి, అసలు ఉండవని కాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అన్నీ మన నేలవే. కట్లపాము రాత్రి తిరుగుతుంది, నేల మీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. అందుకే టెంట్ జిప్ లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా వెంటనే వేయాలి. ఒక్క నిమిషమే కదా అని వదిలేయకూడదు. తిండి టెంట్‌లో పెట్టకండి, తిండికి ఎలుకలు, ఎలుకలకు పాములు వస్తాయి. బూట్లు లోపల పెట్టుకుని, పొద్దున దులిపి తొడుక్కోండి. పెద్దవాళ్లకు మనిషికో టార్చ్ ఉండాలి, ఫోన్ లైటు లెక్కలోకి రాదు.

ఎవరికైనా కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ చేయి లేదా కాలు కదలకుండా పట్టుకుని, నడిపించకుండా, 108కి ఫోన్ చేస్తూనే కారెక్కించి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వికారాబాద్‌లో, తాండూరులో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. బయల్దేరే ముందు రోజే రెండింటి దారీ ఫోన్‌లో సేవ్ చేసుకోండి, అక్కడ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఒక కారు ఎప్పుడూ రోడ్డు వైపు ముఖం పెట్టి, వెనక ఏదీ అడ్డం లేకుండా ఆపి ఉంచండి. డ్రైవింగ్ వచ్చిన ఒకరు ఆ రాత్రి మందు ముట్టకూడదు.

ఎనిమిది తర్వాత

భోజనం ఎనిమిదింటికల్లా అయిపోతే లైట్లన్నీ ఆర్పేయండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటి నుంచి. నవంబర్ చివర్లో ఆ వేళకు తూర్పున పిల్లలకోడి బాగా పైకి వచ్చి ఉంటుంది, గుప్పెడు చుక్కలు గుంపుగా. దాని కింద గొల్లకావడి, మూడు చుక్కలు వరసగా, అప్పుడే లేస్తూ ఉంటుంది. ఈ పేర్లు మా పిల్లలకు చెప్పింది అత్తమ్మ. మడత మంచం మీద పడుకుని, గొంగడి లోంచి చేయి ఒక్కటే బయటికి తీసి, "అగో, పిల్లలకోడి. మా అమ్మ దాన్ని చూసే వడ్లు దంచనీకి లేస్తుండె" అంది. తార్నాకలో ఇరవై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆమెకు చుక్కలు తెలుసని నాకు ఆ రాత్రి దాకా తెలియదు.

డిసెంబర్‌లో వెళ్లేవాళ్లు వీలైతే 13, 14 తేదీలు చూసుకోండి. జెమినిడ్స్ ఉల్కలు ఏటా ఆ రాత్రుల్లోనే ఎక్కువగా రాలతాయి.

తిరుగు

ఆదివారం పొద్దున టెంట్ వెంటనే మడవకండి, మంచుకు తడిసి ఉంటుంది. ఎండ పడేదాకా పులిహోర తినండి, పక్షులను చూడండి. పదిన్నరకల్లా బయల్దేరితే సాయంత్రం ట్రాఫిక్ తగలదు. చెత్త మొత్తం రెండు సంచుల్లో కట్టి కారులో వేసుకుని హైదరాబాద్ తెచ్చి మన డబ్బాలోనే వేయండి. అక్కడ వదిలిన పాలిథిన్ కవర్లలో అన్నం వాసన ఉంటే బర్రెలు కవర్‌తో సహా మింగేస్తాయి.

ఇంటికి రాగానే, ఎంత అలసటగా ఉన్నా, టెంట్లు డాబా మీద పరచండి. తడితో మడిచి అటక మీద పెడితే వచ్చే ఏడు తెరిచేసరికి బూజు, వాసన. బొంతలు, గొంగడి కూడా ఎండలో వేసి పల్లేరు కాయలు ఏరేయాలి.

అవి ఆరుతుండగా నోట్‌బుక్ తీసి, వాడకుండా వెనక్కి వచ్చినవేమిటి, వెతుక్కున్నవేమిటి అని రాసుకుంటాను. మర్నాటికి మరిచిపోతాం కాబట్టి ఆ రోజే రాయాలి. పోయినసారి రాసినవి ఇవీ: ఉల్లిగడ్డలు రెండు కిలోలు ఎక్కువ, కిలో చాలు. మేకులు పదహారు వెళ్లి పదిహేను వచ్చాయి, ఒకటి కొనాలి. అత్తమ్మ మంచం కాళ్లకు రబ్బరు బుడిపెలు, మట్టిలో దిగుతున్నాయి. బర్రెల పెద్దాయనతో పిల్లలు దిగిన ఫోటో ప్రింట్ తీయించి పట్టుకెళ్లాలి.